షరతులేని దైవప్రేమ – మన బాకీ లెక్కలు

(వేంపల్లె సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సందర్భముగా దేవుని ప్రేమను గూర్చి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్ములను అడిగినప్పుడు మొదట సంతోషము కలిగింది, తరువాత భయము పట్టుకుంది. సంతోషమెందుకంటే ఇంతకంటె తేలిక విషయము లేదు. సండే స్కూలు బిడ్డ కూడ చెప్పగలదు. భయమెందుకంటే ఈ ఊళ్ళో మమ్ములను ఎరుగనివారు లేరు. ప్రేమను గూర్చి పరవూరి ప్రసంగీకుడు చెబితే మాటలు వింటారు. ఎదురింటివాడు చెబితే ముందు వాని ఇంటివైపు చూస్తారు. గనుక మా ఇంటి సంగతి కూడ దాచకుండ చెప్పి, తరువాతనే కూర్చుంటాము.

షరతు అనే మాటకు మన ప్రాంతములో అర్థము చెప్పనక్కరలేదు. ప్రొద్దుటూరులో బంగారము కొనబోతే ముందు తూకము, తరువాత ధర. శనక్కాయలు అంగడికి తోలితే నాలుగు కాయలు ఒలిచి, గింజ చూచి, ఆ తరువాతనే మాట్లాడుతారు. చీనీతోట కాపు కొనేవాడు చెట్టు చెట్టుకు తిరిగి పిందెలు లెక్కపెడతాడు. ఇదంతా న్యాయమే. బేరము షరతు మీదనే నిలబడుతుంది. చిక్కు ఎక్కడంటే, ఆరు దినములు తూచిన చేయి ఏడవ దినమున గుడిలో కూర్చున్నా తూచడము మానదు. పక్కవాడు కానుక ఎంత వేసినాడు, వాని బిడ్డ ఎవరితో పోయింది, వాడు తాగుతాడా లేదా, మన ఇంటి పెండ్లికి వచ్చినాడా రాలేదా – ఇవన్ని చూచుకొని, అప్పుడు వానికి ఎంత ప్రేమ ఇవ్వవచ్చునో లెక్క కడతాము. దేవుడు కూడ మన వలెనే తక్కెడ పట్టుకొని కూర్చున్నాడనుకుంటాము.

లూకా సువార్త పదిహేనవ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని కథ మీకు బాగుగా తెలుసు. అందులో ఒక చిన్న సంగతిని మేము చాల ఏండ్లు గమనించలేదు. కొడుకు దారి పొడుగునా ఒక మాట తయారు చేసుకొని వస్తాడు. తప్పు ఒప్పుకోవాలి, కూలివాని లెక్కనైనా పెట్టుకోమని అడగాలి అనుకుంటాడు. అది వాడు తన మీద తానే రాసుకొన్న ఒప్పంద పత్రము. తండ్రి దానిని చివరివరకు విననే లేదు. మాట సగములో ఉండగానే మంచి బట్టలు, ఉంగరము, చెప్పులు తెమ్మని పనివారిని కేకవేసినాడు. అంతకు ముందే, పొలిమేరలో కొడుకు నీడ కనబడగానే ఆ ముసలాయన పరుగు తీసినాడు. మన ఊళ్ళలో పెద్దమనిషి వీధిలో పరుగెత్తడు. పరుగెత్తితే అరుగుల మీద కూర్చున్నవారు నవ్వుతారు. ఆ నవ్వును ఆయన లెక్కచేయలేదు. వీడు నిజముగా మారినాడా, మరల పోతాడా, పోగొట్టిన ఆస్తికి జవాబేమి – ఏదీ అడగలేదు. అవి అడగకూడని ప్రశ్నలని కాదు. కౌగిలించుకొనే ముందు అడగలేదు, అంతే.

మనము ఈ కథ విన్నప్పుడెల్ల చిన్నవాని పక్షాన నిలిచి కన్నీరు పెడతాము. అయితే నూరేండ్లు నిండిన సంఘములో చిన్నకొడుకులకంటె పెద్దకొడుకులే ఎక్కువ. పెద్దవాడు పొలమునుండి వచ్చి, పాట విని, లోపలికి రానని వాకిట నిలిచినాడు. వాడు చెడ్డవాడు కాడు. ఏనాడు పని ఎగ్గొట్టలేదు. వాని చేతిలో లెక్క ఉంది, ఆ లెక్కలో తప్పు కూడ లేదు. తండ్రి వాని కొరకు కూడ ఇల్లు దాటి వచ్చినాడని మనము మరచిపోతాము. ఇంతకు వాడు లోపలికి పోయినాడా లేదా? లూకా రాయలేదు. ఆ వాకిట మేము పదకొండేండ్లు నిలబడినాము. ఆ సంగతి తరువాత చెబుతాము.

మన ఏరు పాపఘ్ని. పాపమును పోగొట్టునది అని ఆ పేరుకు అర్థము. నందికొండల వైపు పుట్టి, గండి దగ్గర కొండను చీల్చుకొని, మన వేంపల్లె దాటి, కమలాపురము వద్ద పెన్నలో కలుస్తుంది. పేరు గొప్పదే గాని ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. మా చిన్నతనములో ఎండకాలము వచ్చిందంటే ఆడవారు ఆ ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో నీళ్ళు తోడి కుండలు నింపేవారు. ఊరివారి చెలమ వేరు, మన పేటవారి చెలమ వేరు. మన పేటలో మరల రెండు చెలమలు. అవి ఎవరెవరివో పెద్దలకు తెలుసు, మా చేత చెప్పించవద్దు. ఒకరి చెలమలో ఇంకొకరు చిప్ప ముంచితే ఆ దినమంతా రచ్చే. ఒకనాడు మా అవ్వ తన చెలమను ఇంకొంచెము లోతు చేస్తుంటే పక్క చెలమలో నీళ్ళు దిగిపోయినాయి. వాళ్ళు తిట్లకు దిగినారు. అవ్వ కుండ దించుతూ మాతో, “గుంతలు రెండయితే మాత్రం కింద ఊట ఒకటే గదరా నాయనా” అన్నది. అవ్వకు అక్షరము రాదు. ఆరాధనలో సగము నిద్రపోయేది కూడ. కాని తరువాత మేము విన్న అనేక ప్రసంగములకంటె ఆ మాటే గుర్తుండిపోయింది.

ఎండ గాని వాన గాని ఇది మంచివాని చేను, ఇది చెడ్డవాని చేను అని చూచుకొని రావని ప్రభువు కొండమీద చెప్పినాడు. వాన విలువ తెలియని దేశములో ఈ మాట విని ఊరకుంటారేమో. మేఘము చూచి విత్తనము కలిపే మనకు, పగవాని చేనిమీద కూడ మన చేనిమీద పడినంతే పడుతుందంటే, నిజము చెప్పాలంటే, కొంచెము కష్టముగానే ఉంటుంది.

ఇప్పుడు మన తెలుగు క్రైస్తవ చరిత్రలోనుండి ఒక సంగతి చెబుతాము. ఇది 1822లో కడపలో పని మొదలుపెట్టిన లండన్ మిషన్ వారిది కాదు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారిది. మంచి ఎక్కడున్నా తెచ్చుకోవచ్చును గదా.

జాన్ ఎవరెట్ క్లౌ దొర 1866లో భార్య హారియట్‌తో ఒంగోలు చేరినాడు. తొలి రోజులలోనే కొందరు పై కులములవారు ఆయన బోధను ఆసక్తితో విన్నారు. వీరు వస్తే పట్టణమే కదలివస్తుందని ఆయనకు ఆశ కలిగింది. అంతలో పల్లెలలోనుండి మాదిగలు వచ్చి తాము విశ్వసించినామన్నారు. వీరిని చేర్చుకుంటే తాము రామని పై కులములవారు తేల్చి చెప్పినారు. ఆలోచించి చూడండి. క్రొత్తగా వచ్చిన మిషనరీ, భాష ఇంకా పట్టుబడలేదు, ఒకవైపు పలుకుబడి గలవారు, రెండవవైపు చచ్చిన గొడ్డును మోసుకొని బ్రతికేవారు. దొర ఒక గదిలోను, దొరసాని వేరొక గదిలోను, ఒకరికి తెలియకుండ ఒకరు బైబిలు తెరచినారట. ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, గొప్పవారిని గాక లోకము నీచముగా చూచేవారినే దేవుడు పిలుచుకొన్న సంగతి చెప్పే చోటే కనబడిందని ఆయన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. మాదిగలను చేర్చుకున్నారు. పై కులములవారు వెళ్ళిపోయినారు.

అది మొదటి పరీక్ష. రెండవది కరువు. 1876 నుండి 1878 వరకు వచ్చిన ఆ కరువును మన పెద్దలు ధాత కరువని చెప్పుకునేవారు. మన కడప, కర్నూలు, బళ్ళారి మండలములు కూడ దానిలో మాడిపోయినవే. క్లౌ దొర యౌవనములో భూముల సర్వే పని ఎరిగినవాడు. గనుక బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడు మైళ్ళకు పైబడిన భాగమును కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి, కూలి ఇచ్చినాడు. బోధకులు ఆ పనివారి నడుమనే ఉండి వారి మంచి చెడ్డలు చూచినారు. అక్కడ వేలమంది తమకు బాప్తిస్మము ఇమ్మని అడిగినారు. ఆయన ఇవ్వలేదు. కరువు పని సాగినంత కాలము, ఏడాదికి పైగా, ఒక్కరికైనా ఇవ్వలేదు. ఏ మిషన్‌కైనా లెక్కలు కావాలి, ఇంతమంది చేరినారని సముద్రమవతల ఉన్నవారికి రాయాలి. అయినా ఆయన ఆగినాడు. సహాయము పంచడము ముగిసిన తరువాత, ఇక దొర దగ్గర పెట్టడానికి కూడు లేదని అందరికి తెలిసిన తరువాత, 1878లో జనము మరల వచ్చినారు. ఆ జులై 3వ తేదీన ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందినారు. ఆ ఏడాది ముగిసేసరికి వారి సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఇటువంటి సంచికలలో ఆ 2,222 అనే సంఖ్యనే పెద్ద అక్షరములతో వేస్తారు. మాకు మాత్రము దానికి ముందు గడచిన ఖాళీ నెలలే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. రిజిస్టరులో ఒక్క పేరు ఎక్కని ఆ నెలలలో, నీవు మావాడవా అని అడగకుండ కూలి చేతిలో పెట్టినారు. రేపు మావాడవు అవుతావా అని కూడ అడగలేదు.

ఇటువంటి ప్రేమ క్రైస్తవులకే చెందినదని ఎవరూ అనుకోవద్దు. అదే కాలములో గోదావరి లంకలలో, లంకల గన్నవరములో, డొక్కా సీతమ్మగారనే బ్రాహ్మణ గృహిణి వేళ కాని వేళలో ఆకలితో వచ్చినవారికి కూడ వండి పెట్టింది. ఎవరు, ఏ కులము అని అడగలేదు. ఆమె 1909లో కాలము చేసింది. ఆంధ్రదేశములో నేటికి అన్నము పేరు చెబితే ఆమె పేరు చెబుతారు. ఆమెకు ఏ మిషన్ జీతము ఇవ్వలేదు. దేవుడు తన ప్రేమను నేర్పడానికి మన గుడి గంట కొరకు ఎదురుచూడడు.

ఇక మన సంగతికి వద్దాము. ఎవరు నీచులనిపించుకొన్నారో వారినే ఏ షరతు లేకుండ ప్రభువు పిలుచుకొన్నాడు గనుక మనలో అనేకుల తాతముత్తాతలు ఈ గడప తొక్కినారు. చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి, వీధిలో పక్కకు ఒదిగి నడిచినవారు మొదటిసారి బల్ల మీద కూర్చొని అక్షరము దిద్దినారు. అది ఉచితముగా వచ్చింది. మరి మూడు తరములు తిరగకముందే ఆ గడపకు మనము వేసిన షరతులెన్ని? మాలవారి గుడి, మాదిగవారి గుడి అని తెలుగుదేశములో ఎన్ని ఊళ్ళలో అంటారో మీకు తెలియనిది కాదు. ఒకే గిన్నెలోని ద్రాక్షారసము త్రాగినవారు ఒకరింటి పెండ్లిలో ఒకరు చేయి కడుగరు. ఇప్పుడు అదేమీ లేదండీ అని యౌవనస్థులు అంటారు. మంచిదే. అయితే మీ ఇంటికి పిల్ల సంబంధము వచ్చినప్పుడు, మారుమనస్సు పొందినదా అనేది మొదటి ప్రశ్నగా ఉందా, ఎన్నవదిగా ఉందో ఇంటికి పోయి తల్లిదండ్రులను అడగండి. మేము మా ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళలో ఏమి అడిగినామో మాకు తెలుసు గనుక గట్టిగా చెప్పలేకపోతున్నాము.

కులము తరువాత కక్ష. పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతముల పేరు చెబితే బయటి ఊళ్ళవారు మొదట అడిగేది నాటుబాంబుల సంగతి. సినిమాలు చూచి వారు అనుకునేంత మనము చెడ్డవారము కాము. ఇక్కడ కూడ మనుషులు దున్నుకొని, తిని, బిడ్డలను చదివించుకొని బ్రతుకుతారు. కాని ఆ మాట పూర్తిగా అబద్ధమని కూడ అనలేము. ఒక పార్టీలో ఒకడు పడితే రెండవ పార్టీలో ఇంకొకడు పడాలి అనే లెక్కను మనము చూచినాము. ఆ లెక్క ఎన్నడు సమానము కాదు. ఎందుకంటే ప్రతివాడు తనవైపు శవమునుండే లెక్క మొదలుపెడతాడు. పెద్దల కక్షలో కూలికి పోయినవారి బిడ్డలు అనాథలయినారు. మన పేటలలో కూడ అటువంటి ఇండ్లున్నాయి. ఆ ఇంటి తల్లికి శత్రువును ప్రేమించమని మేము సులువుగా చెప్పలేము. చెప్పే అర్హత ఉన్నవారి మాట మాత్రము ఒకటి చెబుతాము.

ఒడిశాలో బారిపద పట్టణమున కుష్ఠురోగుల మధ్య పనిచేసిన గ్రాహమ్ స్టెయిన్స్ దొరను, ఆయన ఇద్దరు కొడుకులను, పదేండ్ల ఫిలిప్‌ను, ఆరేండ్ల తిమోతిని, 1999 జనవరిలో మనోహర్‌పూర్ అనే ఊరిలో, రాత్రివేళ వారు బండిలో నిద్రిస్తుండగా తగులబెట్టి చంపినారు. ఆ వార్త విన్న దినమున ఇక్కడ కూడ మనము ఉపవాసముండి ప్రార్థించినాము. భార్య గ్లాడిస్‌గారు ఆ చంపినవారిని క్షమించినానని చెప్పింది. మిగిలిన కూతురిని తీసుకొని వెంటనే స్వదేశము పోలేదు. ఆ కుష్ఠురోగుల మధ్యనే మరి కొన్ని ఏండ్లు ఉండి సేవ చేసింది. 2005లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. అయితే ఆమె కోర్టును ఆపమనలేదు. నేరము విచారించి శిక్షించడము ప్రభుత్వము పని, నా మనసులో ద్వేషము ఉంచుకోకపోవడము నా పని అన్నట్లుగా నడచుకొన్నది. ఈ రెంటిని విడదీసి చూడడము మన ప్రాంతమువారు తప్పక నేర్చుకోవలసిన సంగతి. మనము తీర్పును మన చేతిలోకి తీసుకుంటాము, క్షమాపణను మాత్రము దేవునికి వదిలిపెడతాము. ఆమె దానిని తిప్పి చేసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పవుతుంది. షరతులేని ప్రేమ అనే మాటను పట్టుకొని, తాగి వచ్చి కొట్టే భర్త దగ్గరకే పోయి సహించమని ఆడబిడ్డకు బుద్ధి చెప్పి పంపే పెద్దలున్నారు. అట్లా పంపిన పంచాయితీలలో మేము కూడ కూర్చున్నాము. అది తప్పు. తండ్రి తప్పిపోయిన కొడుకును ప్రేమించినాడు గాని, పందుల దొడ్డి కూడ మంచిదేనని చెప్పలేదు. కొట్టే చేతిని పట్టుకొని ఆపడము కూడ ప్రేమే. దెబ్బలు తినే బిడ్డను ఇంట పెట్టుకొని తలుపు గడియ వేయడము కూడ ప్రేమే. తాగుబోతుకు డబ్బివ్వకుండ అన్నము పెట్టవచ్చును. ప్రేమకు షరతు ఉండదు, కాని కన్నులుంటాయి.

ఇక మా ఇంటి సంగతి.

మాకు ఒక తమ్ముడున్నాడు. ఈ కూడికలోనే, మూడవ వరుసలో, ఇప్పుడు తల వంచుకొని కూర్చున్నాడు. చెప్పవచ్చునా అని అడిగితే, “నీ ఇష్టం న్నా” అన్నాడు. 2002లో వానలు లేవు. ఆ ఎండలకు వాని బోరు ఎండిపోయింది. వానికి ఒకటిన్నర ఎకరములో ఐదేండ్ల చీనీచెట్లు ఉన్నాయి. చీనీ చెట్టును బిడ్డను సాకినట్లు సాకాలి. ఆ ఏడో మరుసటి ఏడో మొదటి కాపు రావలసి ఉంది. మా బోరులో నీళ్ళున్నాయి, సన్నగానైనా పడుతున్నాయి. వాడు ఒక సాయంకాలము వచ్చి వాకిట నిలబడి, “అన్నా, రెండు నెలలు నీళ్ళు ఇడువు. వాన పడితే మళ్ళా అడగను” అన్నాడు. అంతకు రెండేండ్ల ముందు వాడు మా దగ్గర కొంత డబ్బు తీసుకొని తిరిగి ఇవ్వలేదు. అది పెద్ద మొత్తమేమీ కాదు. మేము, “ముందు పాత బాకీ సంగతి తేల్చు, తర్వాత నీళ్ళ మాట” అన్నాము. వాడు ఏమీ అనలేదు. లోపలికి రమ్మని కూడ మేము అనలేదు. వెళ్ళిపోయినాడు.

ఆ మాట అన్నప్పుడు మేము తప్పు చేస్తున్నామని మాకు తోచలేదు. బాకీ నిజమే గదా. మా బోరు కూడ ఎండిపోవచ్చును గదా. న్యాయము మా పక్షముననే ఉంది. వాడు ఒక నెల ట్యాంకరుతో నీళ్ళు తోలించినాడు. తరువాత ఆ డబ్బు కూడ లేకపోయింది. ఆకులు పండి రాలినాయి, కొమ్మలు ఎండినాయి. ఒకనాడు గొడ్డళ్ళ చప్పుడు వినబడితే మా ఇంటామె మిద్దె ఎక్కి చూచి, ఏమీ చెప్పకుండ దిగివచ్చింది. వంటచెరకు కింద అమ్మినాడట. మా పొలము గట్టు మీద నిలబడితే ఆ మొద్దులు కనబడేవి. ఆ వైపు పోవడము మానినాము.

పదకొండేండ్లు మాటలు లేవు. ఇద్దరము ఇదే గుడికి వచ్చేవారము. మేము కుడివైపు, వాడు ఎడమవైపు. సంస్కారమునకు లేచినప్పుడు వాడు ముందు పోతే మేము ఆగి, మేము ముందు పోతే వాడు ఆగి, ఇట్లా గడిపినాము. కానుకను బలిపీఠము దగ్గర విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన సంగతిని మేమే సండే స్కూలు పిల్లలకు నేర్పినాము. బోధించే నాలుకకు, నడిచే కాలికి మధ్య ఎంత దూరము ఉండగలదో మాకు బాగుగా తెలుసు.

2013లో మా ఇంటామెకు కడపలో ఆపరేషను అయింది. కొడుకు దూరదేశములో ఉన్నాడు. కూతురుకు నెలలు నిండుతున్నాయి. మొదటి రాత్రి మేము ఆసుపత్రి వరండాలో ఏమి చేయాలో తెలియక కూర్చొని ఉండగా, తెల్లవారుజామున మా తమ్ముని భార్య ఒక సంచి పట్టుకొని వచ్చింది. ఎవరు చెప్పినారో తెలియదు. “బావా, నువ్వు పోయి పడుకో, అక్క దగ్గర నేనుంటా” అన్నది. పది రాత్రులు ఉంది. ఒళ్ళు తుడిచింది, బట్టలు ఉతికింది, సంగటి మెత్తగా చేసి తెప్పించి తినిపించింది. ఆమె చీనీచెట్ల మాట ఎత్తుతుందని మేము ప్రతిదినము ఎదురుచూచినాము. ఎత్తితే మా దగ్గర జవాబు కూడ సిద్ధముగా ఉంది, బాకీ సంగతి. పదవ దినమున సంచి సర్దుకొని, “పొద్దుపోతాది, బస్సుకు పోవాల” అని వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మేము నిలబడేవారము. ఆ మౌనము ముందు మా లెక్క నిలబడలేదు.

దేవుని ప్రేమను గూర్చి అప్పటికి నలభై ఏండ్లుగా వింటున్నాము, చెబుతున్నాము కూడ. అది ఎట్లా ఉంటుందో ఆ పది దినములలో చూచినాము. మేము మారిన తరువాత రాలేదు. మేము అడిగినందుకు రాలేదు. మేము మారుతామని కూడ రాలేదు. రోగి మంచము దగ్గర ఒకరు ఉండవలెను గనుక వచ్చింది.

అయినా వెంటనే పోయి తమ్ముని కాళ్ళమీద పడినామని చెబితే అది అబద్ధము. ఇంకొక ఏడాది పట్టింది. సిగ్గు కోపముకంటె గట్టిది. 2014లో ఒక మధ్యాహ్నము వాని పొలమునకు పోయినాము. వాడు శనక్కాయ చేనులో కలుపు తీయిస్తున్నాడు. మేము ఏమేమో చెప్పాలనుకున్నాము, తప్పిపోయిన కొడుకు వలెనే దారి పొడుగునా తయారు చేసుకున్నాము. అక్కడికి పోయినాక, “చెట్లు మేమే చంపినాము రా” అనే మాట తప్ప నోట రాలేదు. వాడు కొంచెము సేపు చేనువైపు చూచి, “చెట్లు పోయినాయిలే న్నా. ఇప్పుడా మాటెందుకు. కూర్చో, నీళ్ళు తాగు” అన్నాడు. తాగడానికి నీళ్ళు వాడే ఇచ్చినాడు. ఆ సంగతి వానికి తోచలేదు గాని మాకు తోచింది.

ఆ చెట్లు తిరిగి రాలేదు. వాడు ఆ ఒకటిన్నర ఎకరములో మరల చీనీ పెట్టలేదు. ఐదేండ్లు సాకే ఓపిక ఈ వయస్సులో లేదంటాడు. క్షమాపణ దొరికినంత మాత్రాన పోయినవన్ని తిరిగి వస్తాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆ మొద్దుల చోటును మేము ఇప్పటికి చూస్తాము. ఇప్పుడు మా బోరునుండి ఒక పైపు గట్టు దాటి వాని చేనిలోకి పోతుంది. దానికి లెక్క రాయము. అప్పుడప్పుడు, నీళ్ళు తగ్గినప్పుడు, రాయవలెనని మనసు పీకుతుంది. అదికూడ మీతో చెప్పుకుంటున్నాము.

పోయిన నెలలో వాని పాత బాకీ సంగతి మా ఇంటామె ఎందుకో జ్ఞాపకము చేసింది. ఎంత అని అడిగితే, ఇద్దరికీ సరిగా గుర్తు రాలేదు. పాత డైరీ వెదకుదామా అన్నది. వద్దన్నాము.

చాలసేపు మాట్లాడినాము. ప్రేమవిందుకు బయట అన్నము వార్చినారు, వాసన ఇక్కడికి వస్తున్నది, పిల్లలు నిలువలేకపోతున్నారు. పెద్దలకు ఒక మనవి. ఈ పూట వడ్డనలో వీధివారిగా పంక్తులు వేయవద్దు. గుడినుండి ఎట్లా బయటికి వస్తే అట్లాగే, ఎవరి పక్కన ఎవరు పడితే వారు కూర్చుందురు గాక. మాకు మాత్రము మా తమ్ముని పక్కన ఒక విస్తరి వేయండి.